పచ్చకు రెండు ముడులు

మూడో చీర కూడా తిరిగొచ్చింది.

నిరంజన్ పార్శిల్ చింపాడు. లోపల చిన్న చీటీ. 'ఫొటోలో ఇటుక రంగు చూసి మనసుపడి కొన్నాం. వచ్చింది ఆకుపచ్చ. మనుషుల్ని మోసం చేస్తారా?'

గబగబా కొంగు కుచ్చు వెతికి పట్టుకున్నాడు. రెండు ముడులు. అంటే ఆకుపచ్చే. తను పంపింది సరైన చీరే, ఫొటో కింద రాసిందీ ఆకుపచ్చ అనే. మరి ఫొటోలోకి ఆ ఇటుక రంగు ఎక్కడినుంచి ఊడిపడింది?

సిరిసిల్లలో వాళ్లకు రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. నిరంజన్ నేస్తాడు, తల్లి కమలవ్వ కండెలు చుడుతుంది. చుట్టిన ప్రతి కండెకూ నూలు కొసన ముడి వేస్తుంది. ఎరుపు జాతి రంగుకు ఒకటి, పచ్చ జాతికి రెండు. చీర దిగాక కొంగు కుచ్చులోనూ అవే ముడులు. నిరంజన్ బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి అది. ఏ పనివాళ్ల గుర్తులు వాళ్లకుంటాయి.

బాపు పోయాక సేటు దగ్గర కూలికి నేయడం మానేసి, సొంతంగా నేసి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో ఫోన్‌తో తీసి, తీసింది తీసినట్టే పెట్టేవాడు. ఒక్క చీర వెనక్కి రాలేదు. నాలుగు పైసలు కూడబెట్టి పాత కెమెరా కొన్నాకే శని పట్టుకుంది.

ఆ కెమెరా ఫొటోను రా ఫైలుగా ఇస్తుంది. రా ఫైలంటే కడిగిన బియ్యం. అన్నం వండుతుందో, పులిహోర కలుపుతుందో సాఫ్ట్‌వేర్ ఇష్టం.

మొదటి చీర తిరిగొచ్చినప్పుడు వాడింది నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్. దాన్ని తీసి పారేసి ఉచితంగా దొరికేది పెట్టుకున్నాడు. రెండో చీర వచ్చింది. కెమెరా కంపెనీవాళ్లదే మేలని అందులో చేశాడు. ఇదిగో, మూడోది.

సాయంత్రానికి సైటువాళ్ల మెయిల్ కూడా దిగింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే దుకాణం మూసేస్తారట. మూస్తే మళ్లీ సేటు గడప తొక్కాలి.

తన పనిలో వంక పెట్టడానికి లేదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అతని పద్ధతి ఒక్కటే. చీరను తెర పక్కనే పరుస్తాడు. ఫొటోలోని రంగూ చీర రంగూ ఒక్కటయ్యేదాకా మీటలు జరుపుతూ కూర్చుంటాడు. ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసింది తప్పెలా అవుతుంది? సేవ్ చేశాక ఎవరో, ఎక్కడో రంగు మార్చేస్తున్నారు.

"ఫొటో వెట్టే ముంగట నన్ను జర సూడనియ్యి బిడ్డా" అంది కమలవ్వ, గుమ్మంలో నిలబడి.

"నీకేం తెలుసే అవ్వా కంప్యూటర్ సంగతి?"

"నాకు తెల్వదు గనీ... గా ఫొటోల పని ఇంకెవలకన్న అప్పజెప్పరాదు? నువ్వు సాంచెలు సూస్కో."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు కళ్లలోకి చూడలేదు. నిరంజన్‌కు చివుక్కుమంది. అవ్వకు ఈ కెమెరా వచ్చిన రోజు నుంచీ గిట్టదు. తన దగ్గర ఏదో దాస్తోంది కూడా.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అది అవ్వ దగ్గర ఆగలేదు. ఇంతకూ ఆ మొదటి సాఫ్ట్‌వేర్ పేరు చెప్పిందెవరు? వెనక వీధి భవ్యశ్రీ. ఆమెవీ సాంచెలే, ఆమెదీ ఆన్‌లైన్ వ్యాపారమే. ఆమె చీర ఒక్కటీ తిరిగిరాదు. ఎందుకొస్తుంది? మంచి సాఫ్ట్‌వేర్ తన దగ్గర ఉంచుకుని, పనికిరానిది పోటీవాడికి అంటగడితే!

తెల్లారేసరికి ఆమె షెడ్డులో ఉన్నాడు.

"చెల్లే, నిజం చెప్పు. నువ్వు దేంట్ల చేస్తున్నవ్ ఫొటోలు?"

"నీకు చెప్పిన దాంట్లనే అన్నా. ఏమైంది, గంత పరేషాన్ల ఉన్నవ్?"

"అయితే నా ముంగట చెయ్యి. ఒక ఎర్ర కండె, ఒక పచ్చ కండె పక్కపక్కన వెట్టి ఫొటో తియ్యి. సూస్త."

"దానికేం, గా డబ్బాల ఉన్నయ్. నువ్వే తీసి ఇయ్యి" అంటూ ఆమె కెమెరా అందుకుంది.

నిరంజన్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఒక కండె తీశాడు, కొస చూశాడు, పక్కన పడేశాడు. ఇంకొకటి. మరొకటి. డబ్బా సగం ఖాళీ అయ్యింది. ఒక్కదానికీ ముడి లేదు. దొంగ దొరికిందనుకున్నాడు. తను వస్తున్నాడని తెలిసి అన్నీ విప్పేసినట్టుంది.

"ముడులేవి?" అన్నాడు గొంతు పెంచి.

"ఏం ముడులన్నా?"

"నాకే నాటకాలా? ముడులు లేకుంటె ఏది ఎరుపో ఏది పచ్చో ఎట్ల తెలుస్తది?"

భవ్యశ్రీ కెమెరా కిందికి దించి, మెల్లగా అంది: "సూస్తె తెలుస్తది గదా, అన్నా."