కర్ణం మధ్యలో చిల్లు

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో బస్సు దిగి బడి గేటు దాకా నడిచేలోపే శ్రీహర్ష కోటు లోపలి జేబును నాలుగుసార్లు తడుముకున్నాడు. ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది?

కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. బ్లూ కార్డు ఉద్యోగ వీసా మీద వచ్చి ఆరేళ్ళు. వీసా ఆఫీసు అపాయింట్‌మెంటుకి, ఇక్కడి మాటలో టెర్మిన్‌కి కూడా మనిషి ఇంత గాభరా పడలేదు. ఇవాళ్టి టెర్మిన్ కూతురి లెక్కల టీచరుతో.

ఈషా ఎనిమిదో తరగతి. లెక్కల ప్రాజెక్టుకి టీచరు ఆరు వేసింది. ఇక్కడ ఒకటంటే ఫస్టు, ఆరంటే గుండుసున్నా. ఈ ఆరు నిలబడితే లెక్కలు తప్పి పిల్ల ఎనిమిదో తరగతే మళ్ళీ చదవాలి. కారణం టీచరు ఒక్క ముక్కే రాసి పంపింది, బొమ్మ గురించి మాట్లాడాలని. గొంతు పెంచొద్దని కావ్యశ్రీ పొద్దుటినుంచీ మొగుడికి పదిసార్లు చెప్పింది. గొంతు పెగిలితే కదా పెంచడానికి!

లెక్క బ్రహ్మవిద్యేం కాదు. ఎదురెదురు మూలల్లో లంబకోణాలున్న చతుర్భుజం ఒకటి గీయాలి. దాని నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడతాయని, అంటే అది చక్రీయమని నిరూపించాలి. శ్రీహర్ష కాలంలో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్ళు. బొమ్మ వంకరపోతే మాత్రం కోటయ్య మాస్టారు రుజువు చదివేవారే కాదు, కాగితం మొహాన కొట్టేవారు.

టీచరు ఫ్రావ్ లిండ్‌నర్ తండ్రీకూతుళ్ళిద్దరినీ మర్యాదగా కూర్చోబెట్టింది. కాఫీ కావాలా అంది. వద్దని, శ్రీహర్ష మళ్ళీ జేబు తడుముకున్నాడు. పక్కన ఈషా తన బూట్ల కేసి చూస్తూ కూర్చుంది.

తనే మొదలుపెట్టాడు. ఈషా కాపీ కొట్టే పిల్ల కాదని, రుజువులో ప్రతి వాక్యం తనదేనని వచ్చీరాని జర్మన్‌లో గబగబా చెప్పాడు. బయట మంచు పడుతోంది. అతనికి చెమటలు పడుతున్నాయి.

ఆవిడ అంతా విని ఫైల్లోంచి కాగితం తీసింది. పైన ముచ్చటైన బొమ్మ, కింద ఈషా చేతిరాత. అడుగున ఇది సొంత పనే అంటూ కూతురి సంతకం, తండ్రి సంతకం. కాగితాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. కర్ణానికి సరిగ్గా మధ్యలో సూదిమొనంత వెలుతురు కనిపించింది.

“ఇది కంపాస్ ముల్లు దిగిన చిల్లు” అంది. “రుజువు పూర్తయ్యేదాకా కంపాస్ ముట్టుకోవద్దని క్లాసులో చెప్పాను. ముందే వృత్తం గీసి, దాని మీద నాలుగు చుక్కలు పెట్టుకుని, ఆనక వృత్తాన్ని చెరిపేస్తే ఇక నిరూపించడానికి ఏం మిగిలింది?”

శ్రీహర్ష చెయ్యి మళ్ళీ కోటు జేబు మీదికి పోయింది.

ఆవిడ ఈషా వైపు తిరిగింది. “ఈ బొమ్మ నువ్వే గీశావా?”

ఈషా ఒక్క క్షణం తండ్రి మొహం చూసింది.

“యా” అంది.

అయితే మార్కు మార్చడం కుదరదని, తనకీ బాధగానే ఉందని చెప్పి టీచరు ఫైలు మూసింది. శ్రీహర్ష కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

“ఇట్స్ ఓకే నాన్నా. పద, పోదాం” అంది ఈషా. మెల్లగా అతని చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి తగిలేసరికి ఇక అతనివల్ల కాలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. బల్ల మీద పరిచాడు. వంకరటింకర గీతల చతుర్భుజం, కింద అదే రుజువు, అదే చేతిరాత.

“దీన్ని కూడా వెలుతురుకి పెట్టి చూడండి ఫ్రావ్ లిండ్‌నర్” అన్నాడు, “మా అమ్మాయి గీసింది ఇది, వంకరగా ఉందని దీన్ని దాచేసి, ఆ ముచ్చటైన బొమ్మ గీసింది నేను.”