బీరాన్ నోరు

"ఒరే బీరాన్, ఇవాళ నీ నోరు కింద గోదాంలో పెట్టి తాళం వేసి పైకి రా. లేదా రావడమే మానెయ్" అన్నాడు గోదాం పైనున్న పాటల క్లబ్బు సెక్రటరీ మమ్మద్‌కోయ, చెక్కమెట్లకు అడ్డంగా చెయ్యి చాపి.

బీరాన్ కింది మెట్టు మీదే ఆగిపోయాడు. పొద్దుటి నుంచి వలియంగాడి బజారులో బియ్యం బస్తాలు మోసి, స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఆ మెట్లెక్కుతున్నాడు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నేనేం చేశాన్రా కోయా?"

"ఇంకా చెయ్యలేదు. చేస్తావు. రేడియో వాళ్లు రికార్డింగు మిషను తెచ్చారు. మన కోళిక్కోడులో ఇన్ని క్లబ్బులుంటే మన పాట రేడియోలో రాబోతోంది, మొదటిసారి. మధ్యలో నువ్వు 'హాయ్' అని గావుకేక పెట్టావంటే పాటంతా గంగలో కలిసినట్టే. అదే జరిగితే రిజిస్టర్లో నీ పేరు కొట్టేస్తా. మళ్లీ ఈ గడప తొక్కనివ్వను."

కోయ చెడ్డవాడేం కాదు. అరవైమంది పాటల పిచ్చోళ్లను ఒక గదిలో అదుపులో పెట్టాలంటే ఎవరో ఒకరు గయ్యాళి అవ్వాలి, ఆ పని ఆయన నెత్తికెత్తుకున్నాడు. కానీ బీరాన్ సంగతి వేరు. అతనికి రాగాల పేర్లు తెలియవు. పాటల్లోని ఉర్దూ ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పాడేవాడి ఊపిరి ఎక్కడ సరిగ్గా స్వరాన్ని తాకుతుందో అక్కడ, వెంట్రుకవాసి ముందూ కాదు వెనకా కాదు, అతని నోట్లోంచి 'ఆహా' అన్నట్టు 'హాయ్' వచ్చి పడుతుంది. అది నేర్పితే వచ్చే విద్య కాదు. "బీరానిక్క అరవని రోజు నేను పాడనట్టే లెక్క" అంటాడు గాయకుడు హంసాభాయ్, అతన్ని మా వైపు వాడుకలో 'ఇక్క', అంటే అన్న, అని పిలుస్తూ. పగలంతా కుట్టు మిషను తొక్కే దర్జీ ఆయన; ఆదివారం సాయంత్రం మాత్రం మా అందరికీ నవాబు.

"అరవను. పైవాడి మీద ఒట్టు" అన్నాడు బీరాన్.

కోయ చెయ్యి తీశాడు.

పైన చాపల మీద ఇసకేస్తే రాలనంత జనం. సులైమానీ టీ గ్లాసులు చప్పుడవుతాయని ముందే తీసేశారు. ఫ్యాను కట్టేశారు. ఎవరైనా దగ్గితే పీక నొక్కడానికన్నట్టు కోయ స్వయంగా మైకు పక్కనే చతికిలబడ్డాడు. బీరాన్ గోడవారగా కూచుని, భుజం మీది తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

"ఇక్కా, ఊపిరాడుతోందా?" అన్నాడు పక్కనున్న బేకరీ కుంజాలి.

బీరాన్ తలూపాడు.

హంసాభాయ్ హార్మోనియం మీద వేళ్లు పెట్టాడు. మొదటి చరణానికే బీరాన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎన్ని వందలసార్లు విన్నా ఈ దర్జీ గొంతులో ఏదో ఒకటి కొత్తగా దొరుకుతూనే ఉంటుంది. రెండో చరణంలో ఆయన పై స్వరానికి వెళ్లాడు, అక్కడ నిలబడ్డాడు. ఇక దిగుతాడని అందరూ అనుకున్నారు. దిగలేదు. ఇంకొక్క మెట్టు ఎక్కాడు. ఎంత అందంగా ఎక్కాడంటే, గదిలో సగంమంది కళ్లు మూసుకున్నారు, మిగతా సగం ఊపిరి బిగబట్టారు.

"హాయ్!"

సరిగ్గా అక్కడే పడింది. హంసాభాయ్ కళ్లు మూసుకునే చిన్నగా నవ్వి, పాట కొనసాగించాడు. అరవై తలలూ అలవాటుగా గోడవైపు తిరిగాయి.

బీరాన్ కిందికి చూసుకున్నాడు. తువ్వాలు ఒళ్లో పడి ఉంది.

పాట అయ్యాక కోయ లేచాడు. "విన్నారుగా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను. రిజిస్టరు ఇలా తెండి."

"పోనీండి కోయ ఇక్కా, పాట అంత బాగా వచ్చింది" అన్నాడు కుంజాలి.

"బాగా వచ్చింది కనకే మండుతోంది. ఇంత మంచి పాట ఇంకోసారి వస్తుందా?"

బీరాన్ లేచి నిలబడ్డాడు. గింజుకోలేదు. "తప్పు నాదేరా కోయా. తువ్వాలు ఎప్పుడు జారిందో తెలీదు, అరిచిందీ తెలీదు. ఆ చోట నేను నా ఒంట్లో లేను. పేరు కొట్టెయ్. కానీ ఆదివారాలు కింద గోదాం గుమ్మంలో కూచోనియ్. మెట్ల దగ్గరికి కాస్త వినిపిస్తుంది."

కోయ కలం తీశాడు గానీ, దాని మూత ఊడదీయడానికి చాలాసేపు పట్టింది.

"ఒక్క నిమిషం" అన్నాడు హంసాభాయ్. "ఇకమీదట ఎలాగూ ఉండదు కదా, బీరానిక్క అరుపు ఆఖరిసారి విననివ్వండి." రేడియో ఆయన వైపు తిరిగి, "కాస్త వినిపిస్తారా?" అని అడిగాడు.

రేడియో ఆయన టేపు వెనక్కి తిప్పి, మీట నొక్కాడు. హంసాభాయ్ గొంతు మళ్లీ పైకెక్కింది, నిలబడింది, ఇంకొక్క మెట్టు ఎక్కింది. "హాయ్!" అరుపు వెనకే, ఇందాక గదిలో ఎవరికీ వినపడని చిన్న గుసగుస ఒకటి మైకు పట్టేసింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయిన ఆ గొంతు మమ్మద్‌కోయది:

"ఒరే బీరాన్... విన్నావట్రా?"