పక్కన ఉన్నవాడు

"ఆ పని నేను చెయ్యనండీ" అన్నాడు ఇశ్రాయేలు, గోడ వైపు చూస్తూ.

బసవపున్నయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గవర్నరుపేటలో మేడ మీది ఆ గదిని మాజీ సైనికుల సహాయ సంఘం అంటారు. సంఘమంటే పెద్ద మాట. ఒక బల్ల, రెండు కుర్చీలు, మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన బసవపున్నయ్య, అంతే. యుద్ధం ముగిసి ఏడాదిన్నర దాటినా మెట్లెక్కి వచ్చేవాళ్ళు తగ్గలేదు. వాళ్ళ కోసం మిల్లుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆయన చెప్పులే కాదు, ఓపికా అరిగిపోయింది.

"పటమటలో హాస్టలు. ఎనభైమంది పిల్లలకి వండాలి. జీతం, తిండి, ఉండటానికి గది. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. పన్నెండు లోపల వెళ్ళి కనపడకపోతే వార్డెను ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఇప్పుడే పదకొండు దాటింది."

"వాచ్‌మను పనేదన్నా చూడండి."

"దానికి నా దగ్గర నలభైమంది ఉన్నారు. అందరూ తుపాకి పట్టినవాళ్ళు. నీ డిశ్చార్జి పుస్తకం నేను చదవలేదనుకున్నావా? పదిహేనేళ్ళు పటాలంలో కంపెనీకి వండి పెట్టావు. ఆఫీసర్లు మెచ్చుకుని సంతకాలు చేశారు. గరిటె పట్టుకోడానికి ఇప్పుడు కొత్తగా ఏం నామోషీ వచ్చిందయ్యా నీకు?"

"నామోషీ కాదండీ."

"ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఎనిమిది నెలల్నుంచి పని లేదు. మరింకేంటి?"

ఇశ్రాయేలు తలుపు వైపు చూశాడు. బయట మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని కొంగుతో విసురుకుంటోంది.

"మీ అమ్మా?"

"కాదండీ. శౌరమ్మని, మా ఊరే, మైలవరం పక్కన. మా కంపెనీలో అంతోని అని ఉండేవాడు, వాళ్ళమ్మ. వాడు యుద్ధంలో పోయాడు. నా కోసం మీతో ఓ మాట చెప్తానని ఈవిడే బయల్దేరి వచ్చింది."

ఇశ్రాయేలు గొంతు తగ్గించాడు.

"నేను ఊళ్ళోకి రాగానే వచ్చి ఒకటే అడిగిందండీ. మావాడు పోయేటప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా అని. నేనున్నానన్నాను. తల నా ఒళ్ళో పెట్టుకున్నానని, మంచినీళ్ళు తాగించానని చెప్పాను. అమ్మా అన్నాడని చెప్పాను. ఇక అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే వచ్చి మా అరుగు మీద కూర్చుంటది. మళ్ళీ చెప్పరా అంటది. చెప్తా."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పది మైళ్ళు వెనకాల, రొట్టెలు కాలుస్తన్నానండీ. సాయంత్రం తిండికొచ్చినవాళ్ళల్లో అంతోని లేడు. అట్టా తెలిసింది నాకు."

కిందనించి రిక్షా గంటలు వినిపిస్తున్నాయి. బసవపున్నయ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. చెయ్యి పోయినవాడికి ఏ పని వెతకాలో, చూపు పోయినవాణ్ణి ఎక్కడికి పంపాలో ఆయనకు తెలుసు. దీనికేం చెయ్యాలో తెలియలేదు.

"నేను వంటవాణ్ణని తెలిస్తే వాడి పక్కన ఎవరూ లేరని ఆమెకి తెలిసిపోద్దండీ. నేను కూలికి పోతాను. ఎట్టాగో ఒకట్టా గడుస్తది."

"గడవదు. నువ్విక్కడే కూర్చో, నే చూసుకుంటాను" అని బసవపున్నయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఈ గదిలో కూర్చుని ఆయన ఆడిన అబద్ధాలకు లెక్క లేదు. కుంటివాడు బాగానే నడుస్తాడని మిల్లు యజమానులతో చెప్పాడు. తాగుబోతు తాగుడు మానేశాడని వాడి అత్తమామలతో చెప్పాడు. ఇంకొకటి చెప్పడం కష్టమేమీ కాదు. అంత తేలిగ్గా నోటికి వచ్చేస్తున్నందుకే ఆయనకు విసుగ్గా ఉంది.

బయటికి వెళ్ళి శౌరమ్మ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఇశ్రాయేలుకి పని దొరికింది. పటమటలో హాస్టలుకి కాపలా. తుపాకి పట్టినవాడే కావాలని మరీ అడిగారు."

శౌరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తర్వాత ఆయన మొహంలోకి కాసేపు అలాగే చూసింది.

"హాస్టలంటే పిల్లకాయలకి అన్నం పెడతారుగా బాబుగారూ?"

"పెడతారు."

"అయితే ఇశ్రాయేల్ని వంటకి పెట్టుకోమనండి. బాగా చేస్తాడు."

బసవపున్నయ్య ఆమె వైపు తిరిగాడు. "ఈ సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

"మా అంతోనేనండీ. పోయే ముందు ఉత్తరం రాయించాడు. మా ఊరి పంతులమ్మగారు చదివి చెప్పారు. నా గురించి బెంగపడమాకమ్మా, ఇశ్రాయేలన్న చేతి వంట తింటన్నా, ఇంట్లో ఉన్నట్టే ఉంది అని ఉంది అందులో."

"మరి అన్నీ తెలిసి, ప్రతి ఆదివారం వెళ్ళి అదంతా ఎందుకు వింటున్నావు?"

శౌరమ్మ గది వైపు ఒకసారి చూసి, ఆయన దగ్గరికి జరిగింది.

"నాకు తెలుసని వాడికి చెప్పమాకండి బాబుగారూ. చెప్పటం మానేస్తాడు."