ఆరో వరస చివర

"పాసు లేకుంటే లోపలికి వదలకూడదు తాతా," అన్నాడు రాయచెర్లు సోలార్ పార్కు గేటు దగ్గర కాపలా ఉన్న రామ్‌ధారి. అతను బీహార్ నుంచి వచ్చి నాలుగేళ్లయింది. తెలుగు ఈ గేటు దగ్గరే నేర్చుకున్నాడు.

హొన్నూరప్ప చేతిలో అన్నం, వడలు పెట్టిన విస్తరి ఉంది. ఆ రోజు పెద్దల అమావాస్య.

"ఇది మేము లీజుకిచ్చిన చేను. మా నాయన్ను ఈడే పూడ్చినాము. ఏ దేశమోడివో నువ్వు, మా చేన్లోకి పోను నన్నే పాసు అడుగుతావా?"

"దేశానికంతా కరెంటు పోయే జాగా ఇది. నిన్ను వదిలితే నా ఉద్యోగం పోతాది."

"దేశానికి చేను ఇచ్చినాము లేప్పా. మా నాయన్ను ఇయ్యలేదు గదా."

రామ్‌ధారి రెండు చేతులూ చాపాడు. "ఇట్లియ్యి. నేను పెట్టి వస్తా. యాడ?"

"ఆరో వరస చివర. రాయి ఉంటాది."

హొన్నూరప్ప కంచె పట్టుకుని నిలబడ్డాడు. ప్యానెళ్ల మధ్యకు పోయిన రామ్‌ధారి చాలాసేపటికి తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాయి కనపడింది తాతా. దాని ముందరే పెట్టినా. మా ఊర్లో కూడా ఈ పొద్దే పెడతారు. కంపెనీవాళ్లు సెలవిచ్చి నన్ను పంపలేదు. మా నాయన పేరు కూడా ఆడ చెప్పినా. తప్పా?"

ప్యానెళ్లు వేసిన ఏడాదే ఆ రాయిని పెరికి లారీలో వేసుకుపోవడం హొన్నూరప్ప కళ్లారా చూశాడు. అయినా ఇందాక గుర్తు చెప్పేటప్పుడు పాత అలవాటుగా రాయే నోటికొచ్చింది.

"తప్పేముండాది నాయనా," అన్నాడు. "వచ్చే ఏటికి నువ్వు యాడుంటావో ఏమో. మీ నాయన పేరేందో చెప్పు. ఈ కంచెకాడ నేనే చెప్పుకుంటా."