కెప్టెన్ ఇల్లు చేరాడా?

మళ్ళీ అదే జిప్ ఫైలు. మళ్ళీ సర్వర్ కూలబడింది.

ఆఫీసులో అందరూ అతన్ని ‘రిపేరు’ అంటారు. చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే వెబ్‌సైటు వాళ్ళది. ఆ సైటు కోడ్ మొదట రాసినవాడు ఉద్యోగం మానేసి చక్కా పోయాడు. దాని రోగాలన్నీ ఇతని నెత్తిన పడ్డాయి.

ఇళ్ళల్లో కూర్చుని పుస్తకాలు చదివే వాలంటీర్లు, తమ రికార్డింగులన్నీ ఒక జిప్ ఫైలుగా మూటగట్టి పంపుతారు. సైటు ఆ మూట విప్పి, ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడదీసి పెట్టుకోవాలి. చిన్న ఫైళ్ళయితే బుద్ధిగా విప్పుతుంది. పెద్దది వచ్చిందా, సగంలో మెమరీ అయిపోయి సైటు మొత్తం పడుకుంటుంది. లేపితే ఊరుకుంటుందా, మళ్ళీ మొదటినుంచీ ఆ ఫైలే విప్పబోయి మళ్ళీ పడుకుంటుంది.

పొద్దుటినుంచీ ఇదే భాగోతం. ఎవరో మహాతల్లి పుస్తకంలో మిగిలిందంతా ఒకేసారి కట్టి పంపింది. ఈవిడకంత తొందరేమిటో.

మేనేజరు వచ్చి వెనకాల నిలబడి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా ఇంత మండేది కాదు.

ఇంటి దగ్గర ఇంకో పోరు. కళ్ళు పోయినప్పట్నుంచీ అమ్మకి ఈ సైటే లోకం. అందులోనూ ఒకావిడ గొంతంటే ప్రాణం. వాలంటీర్ల పేర్లు సైటులో ఉండవు కాబట్టి అమ్మే ఆవిడకి ‘అక్కయ్య’ అని పేరు పెట్టుకుంది. అక్కయ్య చదువుతున్న ఓడ కెప్టెన్ నవల ఆఖరి భాగం దగ్గర ఆగిపోయింది. తుపానులో చిక్కుకున్న కెప్టెన్ ఇల్లు చేరాడో లేదో తేలక అమ్మకి అన్నం సహించడం లేదు. పోనీ ఆ పుస్తకం కొనుక్కొచ్చి నేను చదువుతానంటే, నువ్వు చదివితే బస్సు టైములు చెప్పినట్టుంటుంది వద్దులే అంది.

“నువ్వు అక్కడే కదరా పని చేసేది. అక్కయ్యని కాస్త తొందరపెట్టు” అంటుంది రోజూ.

“ముందు సైటు బతకనీ అమ్మా” అంటాడు వీడు.

ఇన్ని మంటల మధ్య ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి. గొంతు గరగరలాడుతోంది. మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

“బాబూ, నా జిప్ ఫైలు చేరిందని చూపించింది. లిస్టులో మాత్రం లేదు.”

ఓహో, మీరేనా తల్లీ అనుకున్నాడు. ముక్కలు చేసి మళ్ళీ పంపమన్నాడు. తన దగ్గర ఇంకో కాపీ లేదందామె. రికార్డరు, వాలంటీర్లని కూడగట్టే సంస్థవాళ్ళు ఇచ్చిందేనట. ఫైలు చేరిందని చూపించాక అంతా తుడిచేసి వాళ్ళది వాళ్ళకి తిరిగి ఇచ్చేసిందట. ఇక మీ దగ్గరున్నదే అసలుది, ఎలాగైనా దాన్ని విప్పండి అని బతిమాలింది.

అయితే మళ్ళీ చదివి పంపమన్నాడు.

“మళ్ళీ చదవలేను నాయనా.”

“ఆ గొంతుతో చదివితే వినేవాళ్ళు మాత్రం ఎవరుంటారు లెండి” అనేశాడు.

వీలైతే చూడు బాబూ అని ఆమే ఫోను పెట్టేసింది.

వీడు చూడలేదు. డిస్కు నిండిపోయిందని సైటు మళ్ళీ ఏడుపు మొదలెట్టేసరికి, ఒళ్ళు మండి ఆ ఫైలు కాస్తా తీసిపారేశాడు. విప్పలేని ఫైళ్ళకి బ్యాకప్ దండగ అని ఎప్పుడో రూలు పెట్టింది కూడా వీడే. పీడ వదిలినట్టు సైటు లేచి కూర్చుంది.

ఆ వారమంతా కోడ్‌తో కుస్తీ పట్టాడు. ఫైలు మొత్తాన్ని ఒకేసారి మింగకుండా, కొంచెం కొంచెంగా విప్పేలా మార్చాడు. తీరా చేశాక చూస్తే అదేం కొండ తవ్వే పని కాదు. ఆ రోజే కుదురుగా కూర్చుంటే అయిపోయేది. ఇప్పుడు ఎంత పెద్ద ఫైలైనా చకచకా విప్పేస్తోంది. మేనేజరు భుజం తట్టాడు.

ఆ సంతోషంలో ఆ బొంగురు గొంతావిడ గుర్తొచ్చింది. పాపం, అంత మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది. నంబరు వెతికి ఫోను చేశాడు.

ఆవిడ భర్త ఎత్తాడు. సైటు పేరు చెప్పగానే పెద్దాయన మొహం విప్పారినట్టు మాటలోనే తెలిసింది.

“ఫైలు తెరిచారా బాబూ? ఇదిగో, పక్కనే ఉంది. తనూ సైగ చేసి అదే అడుగుతోంది.”

రిపేరు ఆ మాట దాటేశాడు. ఒక్కసారి ఆవిడకి ఫోనివ్వమన్నాడు.

“ఇస్తే వింటుందంతే బాబూ, మాట్లాడదు. గొంతులో కేన్సరు. ఆ రోజు మీకు చేసింది ఆస్పత్రి వరండాలోంచే. మీతో మాట్లాడి పెట్టెయ్యగానే లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు.”

పెద్దాయన చెప్పుకుపోతున్నాడు. గొంతు ఎలాగూ పోతుందని డాక్టర్లు ముందే చెప్పారట. అందుకని ఇంట్లో కూడా నోరు విప్పకుండా దాచుకుని, పొద్దున్నే కాస్త పలికే వేళ చూసుకుని ఆ పుస్తకం చదివిందట. చూపులేని తల్లి ఎవరో ఎదురుచూస్తూ ఉంటుంది, మధ్యలో వదిలేస్తే ఎలా అనేదట.

ఏ పుస్తకమండీ అని అడిగాడు. అడక్కుండా ఉన్నా బాగుండేది.

“ఓడ కెప్టెన్ నవల బాబూ. అందులో ఆఖరి భాగం.”

అమ్మ ప్రాణం పెట్టుకున్న అక్కయ్య గొంతు, ఈ లోకంలో చివరిసారిగా మాట్లాడింది తనతోనే.