కోర్టు ఇచ్చిన తేదీ

1945 మే 8. యుద్ధం ముగిసిన ఆ రోజు, లండన్ వీధిలో బల్లలు వేసి పెట్టిన డబ్బా మాంసం రొట్టె, తీపి చాలని జెల్లీ తిన్నాడు ఎగాన్. ఆ సందడిలోనే, తనలాగే జర్మనీ నుంచి ఒంటరిగా వచ్చిపడ్డ హెర్టాని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. నోటినిండా రొట్టె ఉండటంతో ఆమె తల మాత్రం ఊపింది.

అప్పటినుంచి ఏటా మే ఎనిమిదిన వాళ్ళింట్లో కేకు, గ్రామఫోను, ఇద్దరి నాట్యం.

పన్నెండో ఏడు, ఆ వేడుకకి ముందురోజు మధ్యాహ్నం లాయరు గ్రూన్‌ఫెల్డ్ కబురు పెట్టాడు. ఆయన ఒకప్పుడు బెర్లిన్‌లో జడ్జి. ఇప్పుడు రొట్టెల కొట్టు మీది గదిలో కూర్చుని శరణార్థుల పరిహారం అర్జీలు చూస్తున్నాడు.

"ఏమైంది జడ్జిగారూ?"

"అలా పిలవకయ్యా, ఇంటావిడ వింటే అద్దె పెంచుతుంది. కూర్చో. మీ అమ్మానాన్నలు ఇక లేరని జర్మనీ కోర్టు తేల్చింది. పోయిన తేదీ కూడా వేసింది. నువ్వు ఒప్పుకుంటే మీ నాన్న కొట్టు పరిహారం కదులుతుంది."

ఎగాన్ ధ్యాస కొట్టు మీద లేదు. నాజీలు వాళ్ళని రైలెక్కించి తీసుకుపోయిన రోజు తెలుసు. ఆ తర్వాత ఏమీ తెలియదు. యూదుల ఆచారం ప్రకారం, పోయినవాళ్ళకి ఏటా వాళ్ళు పోయిన రోజున దీపం పెట్టాలి. ఏ రోజని పెడతాడు? ఇన్నేళ్ళుగా అతన్ని తొలిచేస్తున్నది అదొక్కటే.

కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

"వాళ్ళకెలా తెలిసింది?"

"తెలీదు. ఎవరికీ తెలీనప్పుడు వాళ్ళే ఒక రోజు ఖాయం చేస్తారు."

"వేరే రోజు ఇవ్వరా?"

"ఈ రోజుకేమొచ్చింది?"

"ఏం లేదు."

"అప్పీలు చేసుకోవచ్చు. ఇంకో నాలుగేళ్ళు పడుతుంది."

ఇంకో నాలుగేళ్ళు దీపం లేకుండా వాళ్ళని వదిలేయడానికి ఎగాన్‌కి మనసొప్పలేదు. సంతకం పెట్టాడు.

"ముందురోజు పొద్దు గుంకాక వెలిగించాలి, గుర్తుందిగా," అని గుమ్మం దాకా వచ్చాడు ముసలాయన.

ఇంట్లో హెర్టా కేకుకి పిండి కలుపుతోంది.

"రేపు నా కాళ్ళు తొక్కనని ఇప్పుడే మాటివ్వు. పోయినేడు వారం కుంటుతూ తిరిగాను."

"మీద పడింది నువ్వే."

ఆమె నవ్వి, అతని మొహం చూసి ఆగింది. "లాయరేమన్నాడు?"

"కోర్టు తేదీ ఇచ్చింది."

గరిటె ఆగిపోయింది. "ఎప్పుడట?"

ఆమె చేతుల నిండా పిండి. ముక్కు మీద కూడా కాస్త అంటింది.

"నవంబరులో."

హెర్టా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "పోనీలే, ఒక రోజంటూ దొరికింది. నవంబరులో ఇద్దరం కలిసే వెలిగిద్దాం."

"అలాగే."

పొయ్యిలోంచి కేకు దించి, చల్లారాక బట్ట కప్పి, ఆమె వెళ్ళి పడుకుంది.

ఎగాన్ బొగ్గుల గదిలోకి దిగి, అమ్మానాన్నలు పోయిన రోజని కోర్టు రాసిన మే ఎనిమిది కోసం రెండు దీపాలు వెలిగించి, వెలుతురు బయటికి రాకుండా తలుపు మెల్లగా మూశాడు.