విజిల్ ఊదినావా?

వీడియో గేములంటే తిమ్మయ్యకు రోత. మీసాలొచ్చిన మగాళ్లు బొమ్మలతో కొట్లాడుకోవడమేమిటని ఆయన బాధ. బేతంచెర్లలో నాపరాళ్ల గని, పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న పెద్దమనిషి. ఊళ్లో ఎవరికి తగాదా వచ్చినా న్యాయం చెప్పేది ఆయనే. అలాంటాయన ఆదివారం పూట గేము రిమోట్ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడంటే, అడిగింది హర్షిణి కాబట్టి.

హర్షిణి ఆయన కన్నబిడ్డ కాదు. గనిలో భాగస్తుడు ఓబులేష్ కూతురు. ఓబులేష్ గనిలో పేలుడుకు పోతే, తల్లి కూడా లేని ఆ పసిపిల్లను తెచ్చి సాకాడు. ఊరంతా ఆయనకు దండం పెట్టింది.

ఊరికి తెలియనిది ఒకటుంది. గనిలో మందు పేల్చే ముందు విజిల్ ఊదాలి. కింద ఉన్నవాళ్లు అది విని పైకొస్తారు. ఆ రోజు ఊదాల్సింది తిమ్మయ్యే. ఓబులేష్ కింద ఉన్నాడని తెలిసే ఊదలేదు. గని మొత్తం ఆయనదైంది. ఊదాను, పాపం వాడికే వినపడలేదు అని ఏడ్చాడు కూడా. ఏడుపు బాగా వచ్చు ఆయనకు.

ఈ సంగతి తెలిసిన ఇంకో మనిషి, మందు పేల్చిన ఏసన్న, నిరుడు మంచాన పడి పోయాడు. పోకముందు హర్షిణి పండ్లు తీసుకెళ్లి చూసొచ్చింది. తిమ్మయ్య శవం వెంట సమాధి దాకా నడిచి, తిరిగొచ్చి హాయిగా నిద్రపోయాడు. ఇక ఈ పిల్ల తనను వదిలిపోయే భయం లేదు.

ఆ పిల్ల బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే ఏదో పని చేస్తుంది. ఏం పనో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"మాటలు ఇంగ్లీషులో ఉండాయి పెదనాయనా. నేను చదివి చెప్తా, నువ్వు బటన్లు నొక్కు."

టీవీలో మంచు కురుస్తున్న ఊరు. టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్లు. బొగ్గు గని. గడ్డం హీరో విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. కిందున్న భాగస్తుణ్ణి చూశాడు. విజిల్ తీసి జేబులో వేసుకుని, మందు పేల్పించాడు.

తిమ్మయ్య రిమోట్ ఒళ్లో పడేశాడు.

"వీడు హీరో ఏంది? దొంగ నాకొడుకు!" అని అరిచాడు. ఊళ్లో న్యాయం చెప్పే గొంతే అది.

"ఇట్లాంటి గేముల్లో హీరో ఇట్లనే ఉంటాడు. మంచోడో చెడ్డోడో ఆడేటోళ్లే తేల్చుకోవాల."

గడ్డమాయన చచ్చినవాడి కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నాడు. జడ వేశాడు. బడికి పంపాడు. దారిన పోయేవాళ్లు టోపీలు తీసి దండం పెట్టారు. తిమ్మయ్య సిగ్గు లేకుండా మాట మార్చేశాడు.

"పాపం, మంచోడే పాపా. పిల్లను ఎంత బాగా సాకుతాండాడో సూడు. ఏదో కాలం బాగలేక చేసినాడు."



బొమ్మ పిల్ల పెద్దదయింది. హీరో ముందు నిలబడింది. ఆట ఆగిపోయింది. తెర మీద రెండు బటన్లు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది.

హర్షిణి చదివింది. "మా నాయన పోయిన దినం నువ్వు విజిల్ ఊదినావా?"

తిమ్మయ్య ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె తెర వైపే చూస్తోంది.

"ఏది నొక్కాల?"

"పచ్చది నొక్కితే ఊదినా అని. ఎర్రదైతే ఊదలేదని."

"నిజం చెప్తే పిల్ల ఎళ్లిపోతాదేమో?"

"పోవచ్చు. క్షమించనూవచ్చు. నీ ఇష్టం పెదనాయనా."

ఊరికి నీతులు చెప్పే నోరు అది. ఒక బొమ్మకు, అదీ ఆటలో, నిజం చెప్పే ధైర్యం కూడా లేదు మహానుభావుడికి. పచ్చది నొక్కాడు.

బొమ్మ పిల్ల హీరోను కావలించుకుంది. తిమ్మయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"శానా మంచి గేము పాపా. ఎవురో తెల్లోడు బుర్ర పెట్టి రాసినాడు. మనూరోళ్లకు గూడా సూపించు."

"ఇంకెవరికీ అక్కర్లేదులే," అంటూ హర్షిణి టీవీ ఆపేసింది.

ఎర్రది నొక్కి ఉంటే ఆ బొమ్మ పిల్ల ఆయన్ను క్షమించేదని హర్షిణికి తెలుసు, ఎందుకంటే ఏసన్న నిజం చెప్పి పోయిన నాటి నుంచి గదిలో కూర్చుని, ఆయన ఒక్కడి కోసమే ఆ గేము తయారుచేసింది ఆమే.